వెనక్కి తీసుకోవలసిన మాట

నాలుగో రోజు కూడా హెస్టర్ ఏడు గంటలకే కోటు తొడుక్కుని, బూట్ల లేసులు బిగించి, వీధి తలుపు వెనక కాళ్ళు తుడుచుకునే పట్టా మీద నిలబడింది. తలుపు తీయలేదు. గడియ మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

తొమ్మిదయింది. నా మరదలు లోర్నా ఓట్స్ పిండి అట్టును మూడోసారి వేడిచేసి, మధ్యలో చీజ్ పెట్టి మడిచి, పళ్ళెంలో తెచ్చింది.

"ఒక్క ముక్క తినవే తల్లీ. నిలబడే తిను, నేనేమీ అనను."

"ఇంకా పొద్దు మొదలవలేదు పిన్నీ," అంది హెస్టర్.

"తొమ్మిదైతే మొదలవలేదంటావేంటే? కిటికీలోంచి చూడు, తెల్లగా తెల్లారింది."

"తెల్లారింది. మొదలవలేదు."

లోర్నా పళ్ళెం పట్టుకుని నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. గడ్డి మీద మంచు గట్టిపడి ఉంది. ఎవరో మా చెత్తడబ్బాను గేటు బయటికి లాగిపెట్టి వెళ్ళారు. శుక్రవారం చెత్త బండి వస్తుందన్న సంగతి ఈ గొడవలో మేము మరిచిపోయాం. ఎవరు పెట్టారో తెలియదు గాని, పెట్టారు.

హెస్టర్‌కు ఇరవై ఆరేళ్ళు. ఆమెకు రోజు ఒక వరసలో కట్టి ఉంటుంది. పొద్దున ఏడున్నరకు నేను కారులో హాలిన్ జలాశయానికి తీసుకువెళ్ళాలి. ఆమె కట్ట మీద ముందు నడవాలి, నేను ఇరవై అడుగులు వెనక. అవతలి చివర రెండో బెంచీ మీద కూర్చుని ఓట్స్ అట్టు తినాలి. అదే పొద్దుటి తిండి. అది జరిగితే మధ్యాహ్నం వస్తుంది, మధ్యాహ్నం వస్తే రాత్రి వస్తుంది. మధ్యలో ఒకటి ఎత్తిపెట్టి తరవాతది రమ్మంటే రాదు. మొండితనం అనుకునేవాళ్ళు అనుకున్నారు. మూడేళ్ళ కిందట నా భార్య ఫిలిప్పా పోయినప్పుడు ఈ ఇంట్లో కూలిపోకుండా మిగిలింది ఆ వరస ఒక్కటే. అంత్యక్రియల రోజు కూడా మేము హాలిన్‌కు వెళ్ళి, నడిచి, ఆ తరవాతే నల్లబట్టలు వేసుకున్నాం.

లాక్‌డౌన్‌లో కూడా ఆ వరస ఆగలేదు. మంగళవారం నాడు మాత్రం ఆమె బెంచీ దాకా వెళ్ళలేదు. నేను కారు దగ్గర ఫ్లాస్కు తీసుకుంటూ వెనకబడ్డాను. గుడ్డతో ముఖం చుట్టుకున్న మనిషెవరో కట్ట అవతలినుంచి గట్టిగా అరిచాడు. నాకు మాటలు అందలేదు. హెస్టర్‌కు అందాయి. వెనక్కి తిరిగి కారెక్కింది.

ఏమన్నాడమ్మా అని అడిగితే ఒకే జవాబు. "ఇంటికి పో. పోయి అక్కడే ఉండు, అన్నారు."

అప్పటినుంచి మంచినీళ్ళు, పాలులేని టీ. అంతే.

*

పదింటికి డాక్టరమ్మ ఫోను చేసింది. మేము చేస్తే లైన్లో వేచి ఉంటూ గంటసేపు పాట వినాలి. ఆవిడే చేసింది. ఆ మాత్రం దయకు కూడా ఆ రోజుల్లో కళ్ళు చెమర్చేవి.

"తిన్నదా?"

"లేదండీ."

"నిలబడితే తూలుతోందా?"

"గోడ పట్టుకుని నిలబడుతోంది. నిన్న పట్టుకోలేదు."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"ఎడ్విన్ గారూ, చెప్పక తప్పదు. రేపు శనివారం. మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తాను. అప్పటికి ఏదో ఒకటి కడుపులోకి పోకపోతే నేను అంబులెన్సు పంపాలి."

"ఇక్కడి ఆసుపత్రికేనా?"

"ఇక్కడ మంచాలు లేవు. ఇలాంటి పిల్లల్ని చూసేచోటు డెబ్బై మైళ్ళ దూరంలో ఉంది. అక్కడా కోవిడ్ నిబంధనలే. వెంట ఎవర్నీ రానివ్వరు."

"తలుపు దాకా?"

"అంబులెన్సు తలుపు దాకా రావచ్చు," అందావిడ. ఆ మాట అన్నందుకు ఆవిడకే బాధ కలిగినట్టుంది, వెంటనే, "రేపు పదకొండింటికి నేనే చేస్తాను, మీరు చెయ్యక్కర్లేదు," అంది.

ఫోను పెట్టి తిరిగేసరికి లోర్నా గుమ్మంలో చేతులు కట్టుకుని ఉంది. నిబంధనల్లో ఒంటరిగా ఉండే మనిషి ఒక్క ఇంటితో కలవచ్చని ఉంది కాబట్టి, తన ఫ్లాటుకు తాళం వేసి నవంబరులో మా ఇంటికి వచ్చింది. అక్క పోయాక ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి తనే.

"విన్నాను," అంది. "ఇప్పుడైనా రాస్తావా, రాయవా?"

"లోర్నా."

"ఒక్క వాక్యం బావా. ఆన్‌లైన్‌లో మన ఊరి పేజీలో ఒక్క వాక్యం. మా అమ్మాయికి ఆటిజం ఉంది, మిగతావాళ్ళు ఇంటినుంచి నడిచే వెళ్ళాలన్నా ఇలాంటివాళ్ళు కారులో వెళ్ళి నడవొచ్చని చట్టమే చెప్పింది, ఇదిగో డాక్టరు ఉత్తరం. అంతే. రేప్పొద్దున ఆ పిల్ల కట్ట మీద నడుస్తుంటే ఒక్కడు నోరెత్తడు."

"నేను మాటిచ్చాను."

"ఎప్పుడో ఇచ్చావు."

హెస్టర్‌కు పంతొమ్మిదేళ్ళప్పుడు కిరాణా కొట్టులో బిల్లు దగ్గర ఆలస్యమైతే, వెనకవాళ్ళు విసుక్కుంటే, ఫిలిప్పా వాళ్ళకు సర్దిచెప్పింది, మా పిల్ల సంగతి ఇదీ అని. ఇంటికొచ్చాక హెస్టర్ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టింది. నా సంగతి నాది, నేను చెప్పనివాళ్ళకి మీరు చెప్పకండి, అంది. ఇద్దరం సరేనన్నాం. ఆమె మమ్మల్ని అంతకు ముందు గాని తరవాత గాని ఏదీ అడగలేదు.

"మాట పట్టుకుని కూర్చో," అంది లోర్నా. "రేపు అంబులెన్సువాళ్ళు వచ్చాక వాళ్ళకీ చెప్పకు. మా పిల్ల వాతావరణం గురించి బాధపడుతోంది, అందుకే తినట్లేదు, అని చెప్పు."

"వెటకారం వద్దు."

"మరేం కావాలి నీకు? అక్క ఉంటే ఇలా కుర్చీకి అతుక్కుని ఉండేది కాదు. ఆ పేజీలోకి దూరి అందర్నీ కడిగేసేది."

"అక్క మాట తప్పేది కాదు."

"అక్కకి పిల్ల ముఖ్యం."

 హాల్లోంచి హెస్టర్ ఊపిరి వినిపిస్తోంది. అన్నీ వింటోంది. ఎప్పుడూ అన్నీ వింటుంది.

నేను కుర్చీలోంచి లేచి అన్నాను, "ఆ మాట అన్నవాణ్ణే పట్టుకుంటాను. తనే వచ్చి వద్దులే అంటే చాలు. హెస్టర్‌కి ఎవరు పెట్టిన మాట వాళ్ళే తియ్యాలి. నేను తీస్తే తీరదు. మూడు రోజులుగా తీసి చూశాను."

"ఎక్కడని పట్టుకుంటావు? ముఖానికి గుడ్డ కట్టుకున్నాడుగా."

"ఊరి పేజీలో మన కారు ఫోటో పెట్టింది ఎవరో చూస్తే సరి. నీ ఫోను ఇవ్వు."

నేను ఊరి పేజీలో లేను. మంగళవారం సాయంత్రం లోర్నాయే ఫోటో చూపించింది. కట్ట పక్కన గ్యారేజీవాళ్ళు మాకిచ్చిన ఎర్రకారు, దూరంగా టోపీ ముసుగులో హెస్టర్ వీపు. పైన ఒక వాక్యం: 'ఈ ఎర్రకారు దొరలకు నియమాలు వర్తించవు కాబోలు.' ఎవరు పెట్టారంటే తెలీదు, పేరు లేదు, అంది. కిందవి చదవొద్దు బావా, నీకు బీపీ, అని ఫోను లాక్కుంది.

"ఛార్జింగు లేదు," అంది ఇప్పుడు.

"డెబ్బై ఒక్క శాతం ఉంది," అంది తలుపు వెనకనుంచి హెస్టర్. "పొద్దున చూశాను."

లోర్నా ముఖం కందిపోయింది.

"పేరు కూడా ఉంది," అంది హెస్టర్. "ట్విగ్ గారు. గొంతు కూడా ట్విగ్ గారిదే."

నేను హాల్లోకి వెళ్ళాను. "నీకు తెలుసా? మరి నాలుగు రోజులుగా చెప్పలేదేం తల్లీ?"

"ఏమన్నాడు అని అడిగారు," అంది నా కూతురు. "ఎవరు అని అడగలేదు."

*

ఫోను బల్లమీద పెట్టి లోర్నా కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు తెరవడం రాదని తెలిసి కూడా రాలేదు. నేనే తంటాలు పడ్డాను.

డెస్మండ్ ట్విగ్. కల్వర్‌డేల్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. లాక్‌డౌన్ మొదలైనప్పటినుంచి మా వీధి ముసలివాళ్ళకు మందులు తెచ్చి గుమ్మంలో పెట్టి, గంట కొట్టి, గేటు దాకా వెనక్కి నడిచి చెయ్యి ఊపే మనిషి. నిన్న గురువారం కూడా నా బీపీ మాత్రలు పెట్టి చెయ్యి ఊపాడు.

ఫోటో కింద అరవైమూడు మంది రాశారు. నేను జాగ్రఫీ చెప్పిన పిల్లలు కొందరున్నారు. ఫోటోలో వీపు చూపించిన అమ్మాయి సిగ్గులేనిదని ఒకరు, ముఖం చూపిస్తే బాగుండునని ఒకరు. ఇలాంటివాళ్ళ మూలంగానే మా అమ్మమ్మ పోయిందని ఒకరు. వాళ్ళ అమ్మమ్మను నేనెరుగుదును. ఊరంతా ఒకటే మాట, తలా ఒక రకంగా. చాలా కిందికి పోయాక శ్రీమతి ఓర్మ్ అనే ఆవిడ, 'ఏదో కారణం ఉండి ఉంటుంది' అని నాలుగు మాటలు రాసింది. దాని కింద పదకొండు మంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఆవిడ మాత్రం చెరపలేదు. ఆ నాలుగు మాటల్ని రెండుసార్లు చదువుకున్నాను.

మళ్ళీ పైకి వస్తుంటే ఒకచోట వేలు ఆగింది.

'ఇలాంటివాళ్ళ కారు టైర్లలో గాలి తీసేస్తే సరి. నడవడం అంత సరదా అయితే ఇంటిదాకా నడుచుకుంటూ పోతారు.'

మంగళవారం, ఎనిమిది గంటల పది నిమిషాలు. లోర్నా ప్రిడో.

నేను ఫోను బోర్లా పెట్టాను.  లోర్నా కిటికీ అద్దం మీద వేలితో ఏదో గీస్తోంది.

"అప్పటికి మీరింకా ఇంటికి రాలేదు," అంది వెనక్కి తిరక్కుండా. "కారు మనది కాదుగా. మనది నీలం. గ్యారేజీ కారు ఎర్రదని నాకు గుర్తే లేదు."

నేను ఫోను ఆమె వైపు జరిపాను.

"ఎనిమిదిన్నరకి మీరు వాకిట్లో ఎర్రకారులోంచి దిగుతుంటే చూశాను.  చెరుపుదామనుకున్నాను. చెరిపితే చెరిపినట్టు అక్కడ కనపడుతుందేమోనని భయం."

"మూడు రోజులు లోర్నా. మంగళవారమే ట్విగ్ పేరు చెప్పి ఉంటే ఈపాటికి..."

"తెలుసు."

"పిల్ల నీళ్ళమీద ఉంది."

"తెలుసు బావా. పళ్ళెం పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నది నేనేగా. తెలీదనుకున్నావా."

అరవలేదు. అరిస్తే బాగుండేది. నేను కోటు తీసుకున్నాను. పెరటి తలుపులోంచి వెళ్ళాను, వీధి తలుపు దగ్గర హెస్టర్ ఉంది కాబట్టి.

*

ట్విగ్ తన ఇంటిముందు మెట్టు మీద స్టూలు వేసుకుని కుక్కకు పాదాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, దూరం గుర్తొచ్చి, గేటు దగ్గరే ఆగమని చెయ్యి చూపించాడు.

"రండి మాస్టారూ, అక్కడే ఉండండి. మాత్రలు సరిపోయాయా?"

"సరిపోయాయి."

"చూశారా, ఆ ఎర్రకారు మళ్ళీ రాలేదు." ఆయన ముఖంలో ఇన్నాళ్ళకు కాస్త వెలుగు కనిపించింది. "ఒక్క ఫోటో. అంతే. పోలీసులు చెయ్యలేనిది ఊరు చేసింది. నిన్న నలుగురు ఆపి మరీ థాంక్స్ చెప్పారు."

ఎలా మొదలెట్టాలా అని దారిపొడుగునా అనుకున్న మాటలన్నీ పోయాయి.

"ఆ ఎర్రకారులో వచ్చింది నేనే ట్విగ్ గారూ."

ఆయన నవ్వాడు. "మీది నీలం కదండీ."

"అది గ్యారేజీలో ఉంది. బ్రేకులు బాగుచేసేదాకా వాళ్ళిచ్చిన కారు."

తడిగుడ్డ ఆయన చేతిలోనే ఉంది. కుక్క నాలుగో కాలు ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది.

"అయితే ఆ అమ్మాయి..."

"హెస్టర్."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని పుట్టినరోజు కార్డులు ఆ చేత్తో మా ఇంట్లో పడ్డాయో. హెస్టర్ చిన్నప్పుడు ఆయన వచ్చేవేళకు తలుపు వెనక కూర్చుని ఉత్తరాలు పడే సందులోంచి వేళ్ళు బయట పెట్టేది. ఆయన ఉత్తరాలు నేలమీద పడకుండా ఆ వేళ్ళకే అందించేవాడు, ఒక్కొక్కటీ.

"నాకు వీపు కనపడింది మాస్టారూ. వీపే."

"తెలుసు. నేను మిమ్మల్ని అనడానికి రాలేదు."

నేను చెప్పగలిగింది చెప్పాను. నాలుగు రోజులుగా తినలేదని, రేపు మధ్యాహ్నం దాకానే గడువని, ఆ తరవాత డెబ్బై మైళ్ళని. ఆయన వచ్చి ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప ఆమె గడప దాటదని.

"ఎందుకని?"

"అది తను చెప్పాల్సిన సంగతి. నేను చెప్పకూడదు. చట్టం మాకు ఒప్పుకుంటుంది, డాక్టరు ఉత్తరం ఉంది. అంతవరకు నమ్మండి."

"ఉత్తరం," అన్నాడు ట్విగ్. ఆయన గొంతు మారింది. "అందరి దగ్గరా ఏదో ఒక ఉత్తరం ఉంటుంది. ఊరందరి ఉత్తరాలూ మోశాను. నా దగ్గరే లేకపోయింది."

"ట్విగ్ గారూ..."

"నేనక్కడికి ఎలా వెళ్ళానో తెలుసా? నడిచి. ఐదు మైళ్ళు వెళ్ళడానికి, ఐదు రావడానికి. ఈ మోకాళ్ళతో. ఇంటి తలుపు దగ్గరనుంచే మొదలుపెట్టాలన్నారు, మొదలుపెట్టాను. మా ఆవిడ పాలీన్ బూడిద అక్కడి నీళ్ళలో కలిపాం. నాలుగున్నరకి లేచి, చీకట్లో నడిచి, ఆ కట్ట మీద పది నిమిషాలు నిలబడదామని వెళ్తే, కారేసుకుని దిగారు ఎవరో, పిక్నిక్కుకి వచ్చినట్టు చేతిలో పొట్లంతో. అరిచాను. అరవనా మరి?"

పొట్లంలో ఓట్స్ అట్టు ఉందని నేననలేదు.

"నవంబరులో ఆసుపత్రినుంచి నర్సు ఫోను చేసింది," అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఆఖరి గంట, ఒక్కరు రావచ్చు, అని. నాకప్పుడు పదిరోజులు గడప దాటకూడని క్వారంటైను. ఎనిమిదో రోజు. ఆ సంగతి చెప్పాను. రావచ్చా అమ్మా, నాకు ఒప్పుకుంటారా, అని అడిగాను. ఆ పిల్ల, నేను అవుననీ చెప్పలేనండీ, కాదనీ చెప్పలేనండీ, అంది. కోటు వేసుకున్నాను మాస్టారూ. బూట్లు వేసుకున్నాను. ఈ తలుపు వెనకే నిలబడ్డాను, ఎవరైనా ఫోను చేసి వెళ్ళవయ్యా అంటారేమోనని. రెండోసారి ఫోను వచ్చింది. అయిపోయిందని."

కుక్క కాలు దించింది.

"ఇప్పుడు మీరొచ్చి, కొందరికి వెళ్ళొచ్చు అంటారు. నేను వచ్చి, అవును తల్లీ వెళ్ళొచ్చు, అనాలి. అంటే, నేనూ వెళ్ళి ఉండొచ్చుగా. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటే ఇంక నాకేం మిగులుతుంది?"

  గేటుమీద మంచు కరిగి నా చేతి కింద నీరవుతోంది. ఆయన గుడ్డ పిండి, ఆరేసి, కుక్కను లోపలికి పిలిచి, తలుపు వేసుకున్నాడు. గట్టిగా వెయ్యలేదు. నెమ్మదిగా, ఇంట్లో ఎవరో పడుకున్నట్టు వేశాడు.

*

ఇంటికి వచ్చి లోపలికి పోలేకపోయాను. వాకిట్లో గోడమీద కూర్చున్నాను. తలుపు గాజులోంచి హెస్టర్ నీడ కనిపిస్తోంది. ఇందాక నిలబడి ఉంది. ఇప్పుడు తలుపుకు ఆనుకుని నేలమీద కూర్చుంది. ఆ కాస్త తేడాకే నాకు భయం వేసింది.

ఎదురింటావిడ పరదా తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసింది. కాసేపటికి వాళ్ళ గోడమీద పొగలు కక్కుతున్న టీ కప్పు ప్రత్యక్షమైంది. ఆవిడ పేరు కూడా ఆ అరవైమూడింటిలో చూశాను. అయినా తాగాను. వేడిగా ఉంది.

మూడు గంటలకు వెనకనుంచి అడుగుల చప్పుడు. ట్విగ్ వచ్చాడు. కుక్క లేదు. ముక్కు మీదికి మాస్కు, మెడకు టై. నన్ను పలకరించకుండా దాటి, తిన్నగా తలుపు దగ్గరికి వెళ్ళాడు. గంట కొట్టలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ వంచి, ఉత్తరాల సందు ఎత్తుకు దిగాడు. అలా దిగడం ఎంత నొప్పో ఆయన మెడ నరాల్లో కనిపించింది.

వేలితో సందు మూత ఎత్తాడు.

"హెస్టర్, నేను ట్విగ్‌ని."

"తెలుసు," అంది లోపలినుంచి.

"మంగళవారం నేనొక మాటన్నాను."

"రెండు. ఇంటికి పో, అని ఒకటి. అక్కడే ఉండు, అని ఒకటి."

"అవును. రెండూ వెనక్కి తీసుకుంటున్నాను."

లోపలినుంచి, "అవి ప్రభుత్వంవాళ్ళ మాటలా, మీవా?"

ట్విగ్ నా వంక చూశాడు. నేను తలదించుకున్నాను. ప్రభుత్వానివైతే ఆయన తీసుకోలేడు. తనవే అంటే, నవంబరునుంచి ఆయన దేన్ని పట్టుకుని నిలబడ్డాడో అది వదలాలి. ఆయన నుదురు తలుపుకు ఆనింది.

"నావే," అన్నాడు. "నన్నెవరూ అరవమనలేదు తల్లీ. నేనే అరిచాను."

"అయితే మీరు తీసుకోవచ్చు," అంది హెస్టర్.

గడియ కదిలిన చప్పుడైంది. నాలుగు రోజుల్లో మొదటిసారి. లోపల లోర్నా ఏడుస్తూ, "అట్టు వేడి చెయ్యనా, చెయ్యనా," అని ఎవర్నో అడుగుతోంది. నేను గోడమీదినుంచి లేచాను.

గడియ ఆగిపోయింది.

ఉత్తరాల సందులోంచి మడిచిన కాగితం ఒకటి బయటికి వచ్చింది. దాని వెనకే పెన్సిలు.

"మొదటి పేరు మీది," అంది హెస్టర్. "కొట్టెయ్యండి."

ట్విగ్ కాగితం విప్పాడు. నోటు పుస్తకంలోంచి చింపిన పొడుగు కాగితం, రెండువైపులా, ఆమె చిన్న గుండ్రటి అక్షరాలు, అంకెలతో. మొదటి పేరు మీద ఒక గీత గీశాడు.

"మిగతావన్నీ ఏంటి తల్లీ?"

"కింద రాసినవాళ్ళు. ఇంటికి పొమ్మని, ఇంట్లో ఉండమని, బయట కనపడొద్దని. మీతో కలిపి అరవైమూడు. శ్రీమతి ఓర్మ్ గారిది వెయ్యలేదు, ఆవిడ ఏమీ చెప్పలేదు."

"హెస్టర్," అన్నాను తలుపు దగ్గరికి వెళ్ళి, "అమ్మా, వాళ్ళు నిన్ను చూసి రాసింది కాదు. ఏదో ఊరికే రాశారు."

"ఊరికే రాస్తారా నాన్నా?"

అడిగినట్టే అడిగింది. తెలుసుకుందామని.

లోపల లోర్నా నేలమీద కూలబడిన చప్పుడు. "నాది నేను తీసేసుకుంటున్నానే. ఇదిగో, ఇప్పుడే. విను హెస్టర్. తప్పు రాశాను. నువ్వని తెలీక రాశాను. వేరే ఎవరైనా కూడా రాయకూడదు. తీసేసుకున్నాను. కొట్టెయ్."

"నీది పదిహేడు పిన్నీ," అంది హెస్టర్ మెత్తగా. "వరసలో రావాలి."

 వెలుతురు అప్పుడే తగ్గుతోంది. జనవరిలో నాలుగింటికి మా లోయలో ఎండ ఉండదు. రేపు పదకొండింటికి డాక్టరమ్మ ఫోను చేస్తుంది.

ట్విగ్ గోడ పట్టుకుని పైకి లేచాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. నేను చెయ్యి అందించబోయి, దూరం గుర్తొచ్చి ఆగాను. ఆయనే నా మోచెయ్యి పట్టుకున్నాడు. పది నెలల్లో నన్ను ముట్టుకున్న మొదటి బయటి మనిషి.

"అరవైరెండు," అన్నాడు. "ఈ ఊళ్ళో నాకు తెలీని తలుపు లేదు మాస్టారూ. గేటు బయటే నిలబడి అడుగుతాను. తిడితే తిడతారు. రాత్రి ఎనిమిది దాకా తిరగొచ్చు, మళ్ళీ పొద్దున్నే." కాగితం నాకందించాడు. "అద్దాలు తేలేదు. చదవండి. రెండోది ఎవరు?"

నేను కాగితాన్ని వెలుతురు వైపు తిప్పాను. చదివాను. మళ్ళీ చదివాను. హెస్టర్ తప్పు రాయదు. పేజీలో ఎలా ఉందో అలాగే ఎక్కించి ఉంటుంది. అది మనిషి పేరు కాదు. ఎవరో ముఖం దాచుకుని పెట్టుకున్న పేరు.

"మంచి పొరుగు," అని చదివాను.

"ఎవరు?" అన్నాడు ట్విగ్, అప్పటికే గేటువైపు తిరిగి. "ఏ వీధి?"